వీధిదీపమా, ఇంటిదీపమా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ కాలంలో ఆ రెంటికి మూడవది ఒకటి చేర్చవలసి ఉన్నది: యాపు తయారుచేసి చూడు. ఇల్లు కట్టేవానికి గోడలు లేచిన తరువాత గాని తలుపు ఏ దిక్కున ఉండవలసినదో తోచదు. యాపు చేయించినవానికి కూడ అంతే. ధనం, కాలం, ఉత్సాహం వ్యయమైన పిదప ఒకనాడు సందేహం కలుగుతుంది. దీనికి ఇంత ప్రయాస అవసరమా? ఒక వెబ్‌సైటుతో సరిపోయేది కాదా?

ఈ సందేహం నేడు పెద్ద వ్యాపారసంస్థలకే పరిమితమై లేదు. పాఠశాల గడప కూడ తొక్కినది. ఉన్నత పాఠశాలల పిల్లలు ప్రోగ్రాములు వ్రాయడం నేర్చుకుంటున్నారు. ఒక గణితోపాధ్యాయుడు తన లెక్కలను, పాత ప్రశ్నపత్రాలను చుట్టుప్రక్కల పిల్లలందరికి అందించాలనుకుంటాడు. ఒక తెలుగు పండితుడు ముప్పది ఏండ్లుగా వ్రాసిపెట్టుకొన్న వ్యాకరణ పాఠాలను నలుగురి ముందు పెట్టాలనుకుంటాడు. వెంటనే ఎవరో ఒకరు అంటారు: "మాస్టారూ, ఒక యాపు చేయించండి." ఆ మాటలో సద్భావమే ఉన్నది. కాని ఆ మాటకు ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని అడగకుండ పని ప్రారంభించడమే పరిపాటి అయినది.

ముందుగా రెండు మార్గాల స్వరూపం తెలుసుకోవాలి. వెబ్‌సైటు ఎక్కడో ఒక సర్వరులో ఉంటుంది. దానికొక చిరునామా ఉంటుంది. ఆ చిరునామా తెలిసినవారెవరైనా తమ బ్రౌజరులో దానిని తెరచి చూడవచ్చు. ఫోను ఏ కంపెనీది, కంప్యూటరు ఏ సంవత్సరంలో కొన్నది అన్న విచారణ అంతగా ఉండదు. ముందుగా దించుకోవలసినది ఏమీ లేదు. వ్రాసినవారు ఒకచోట తప్పు దిద్దితే, ఆ పిదప తెరచేవారందరికి దిద్దిన పాఠమే కనిపిస్తుంది.

యాపు సంగతి వేరు. నిపుణులు నేటివ్ యాపు అని పిలిచేది ఒక జాతి ఫోను కొరకు ప్రత్యేకంగా వ్రాసిన ప్రోగ్రాము. ఆండ్రాయిడ్ ఫోనుకు కోట్లిన్, జావా వంటి భాషలలోను, ఐఫోనుకు ముఖ్యంగా స్విఫ్ట్ భాషలోను దీనిని వ్రాస్తారు. వాడదలచినవారు సాధారణంగా గూగుల్ ప్లే నుంచి గాని, ఆపిల్ సంస్థవారి యాప్ స్టోరు నుంచి గాని దానిని తమ ఫోనులోకి దించుకోవాలి. దిగిన తరువాత అది ఆ ఫోనులో ఒక భాగమై కూర్చుంటుంది. కెమేరా, బ్లూటూత్, సిమ్ కార్డు మొదలైన వాటితో సన్నిహితంగా పనిచేస్తుంది. అడిగిన వెంటనే పలుకుతుంది.

మొదటిది వీధిదీపం వంటిది. ఆ త్రోవన పోయే ప్రతివానికి వెలుగునిస్తుంది. కాని దాని దగ్గరకు మనిషి పోవాలి. రెండవది ఇంటిదీపం వంటిది. చేతికి అందుబాటులో ఉంటుంది, కావలసినప్పుడు వత్తి ఎగదోసుకొనవచ్చు. కాని చమురు ఆ ఇంటివాడే పోసుకోవాలి. ఈ రెంటిలో ఏది గొప్పది అని వాదించడం వ్యర్థం. ఎవరి కొరకు, ఏ పనికి అన్నదే అడగవలసిన ప్రశ్న. పదిమందికి చేరవలసిన విద్యకు, ప్రజలందరికి సంబంధించిన సేవకు మొదట వీధిదీపమే ఉండాలి. ఇంటిదీపం దాని అవసరం రుజువైన పిదప రావాలి. నేడు ఈ వరుస తలక్రిందులైనది. దాని వలన నష్టపోతున్నవారు ముఖ్యంగా పేదపిల్లలు.

ఈ రెండు మార్గాలకు ఉన్న చరిత్ర పెద్దది కాదు. 1989లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న ఆ పరిశోధనాలయంవారు దానిని ఎవరైనా రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించారు. వెబ్ ప్రపంచమంతట వ్యాపించడానికి ఈ ప్రకటన ఒక ముఖ్యకారణం. ఎవరి అనుమతి అడగకుండ ఎవరైనా ఒక పుట వ్రాసి లోకం ముందు పెట్టవచ్చు. పుస్తకం అచ్చువేయించడంలోని కష్టనష్టాలు తెలిసిన ఉపాధ్యాయులకు ఇది ఎంత పెద్ద మార్పో వేరుగా చెప్పనవసరం లేదు.

యాపుల కథ ఇంకను చిత్రమైనది. 2007 జూన్‌లో ఐఫోన్ మార్కెట్టులోకి వస్తున్న సమయంలో, దాని కొరకు ప్రోగ్రాములు వ్రాయదలచిన బయటివారు వెబ్ ద్వారానే వ్రాయాలని స్టీవ్ జాబ్స్ చెప్పాడు. ప్రోగ్రాములు వ్రాసేవారికి అది రుచించలేదు. అప్పటి వెబ్‌కు ఉన్న శక్తి చాలదని వారి అభ్యంతరం. ఆ అభ్యంతరంలో న్యాయం ఉన్నది. అదే ఏడాది అక్టోబరులో ఆపిల్ తన నిర్ణయం మార్చుకొన్నది. 2008 జూలై 10న సుమారు 500 యాపులతో యాప్ స్టోరు తెరచినది. ఆ అక్టోబరులోనే ఆండ్రాయిడ్ ఫోనులకు కూడ అటువంటి అంగడి వచ్చినది. యాపుల యుగానికి ద్వారం తెరచిన సంస్థ కూడ మొదట వెబ్ చాలుననే బయలుదేరినదన్నమాట.

యాపు పక్షాన చెప్పవలసినది చెప్పకపోతే విచారణ ఏకపక్షమౌతుంది. ఫేస్‌బుక్ సంస్థ కొంతకాలం తన ఐఫోన్ యాపును చాలావరకు వెబ్ పద్ధతిలోనే నడిపినది. ఒకసారి వ్రాసి అన్ని ఫోనులలో వాడుకొనవచ్చునని ఆశ. కాని అది నత్తనడక నడిచినది. వాడేవారు విసుగుచెందారు. 2012 ఆగస్టులో ఆ యాపును పూర్తిగా నేటివ్ పద్ధతిలో తిరిగి వ్రాశారు. వెబ్‌ను అతిగా నమ్ముకొనడం తమ సంస్థ చేసిన పెద్ద పొరపాటని మార్క్ జుకర్‌బర్గ్ ఆ సెప్టెంబరులో బహిరంగంగా అంగీకరించాడు. నాటి నుంచి నేటి వరకు యాపు పక్షంవారు దీనినే ప్రమాణంగా చూపుతున్నారు.

మరియొక నిదర్శనం నిత్యజీవితంలోనే ఉన్నది. యూపీఐ ద్వారా డబ్బు చెల్లించేవారి యాపు, మొదట నమోదు చేసుకొనేటప్పుడు ఆ ఫోనులోని సిమ్ కార్డు నుంచే ఒక సందేశం పంపి, ఈ నంబరు ఈ ఫోనులోనే ఉన్నదని నిర్ధారించుకుంటుంది. బ్రౌజరులో తెరచిన పుట ఇట్టి పని చేయలేదు. చేయనీయడం క్షేమం కూడ కాదు. బరువైన ఆటలకు, వెనుకవైపు నిరంతరం పనిచేయవలసిన సాధనాలకు, ఫోనులోని పరికరాలతో ఎడతెగని సంబంధం ఉన్నవాటికి యాపే తగినది. ఇందులో వివాదం లేదు.

వివాదం ఎక్కడ వస్తున్నదంటే, యాపు అవసరం లేనిచోట కూడ అదే ప్రతిష్ఠాచిహ్నం అయినప్పుడు. ఇందుకు మనదేశంలోనే ఒక మంచి పాఠం ఉన్నది. 2015 మార్చిలో ఫ్లిప్‌కార్ట్, దాని అధీనంలోని మింత్రా తమ మొబైల్ వెబ్‌సైట్లను మూసి, వచ్చినవారిని యాపు దించుకోమన్నాయి. మే 15న మింత్రా మరియొక అడుగు ముందుకు వేసి కంప్యూటరులో తెరచే వెబ్‌సైటును కూడ మూసివేసినది. భవిష్యత్తంతా యాపుదేనని ఆనాడు గట్టిగా వినిపించినది. కాని ఫ్లిప్‌కార్ట్ ఆ నవంబరులోనే కొత్తరకం మొబైల్ వెబ్‌సైటుతో తిరిగి వచ్చినది. మింత్రా కంప్యూటరు వెబ్‌సైటు 2016 జూన్ 1న మళ్లీ తెరుచుకున్నది. కొనదలచి వచ్చినవానిని గుమ్మం దగ్గర ఆపి, ముందు మా సంచి మోయి, తరువాత లోపలికి రా అంటే ఎంతమంది ఒప్పుకొంటారు? ధనబలం, మేధాబలం ఉన్న సంస్థలే ఏడాది తిరిగేసరికి వెనుకకు రావలసి వచ్చినది. వారికి పోయినది కొంత బేరం మాత్రమే. ఒక పాఠశాల ఇదే తప్పు చేస్తే పోయేది పిల్లవాని పాఠం.

పిల్లవాని ఇంటి పరిస్థితి ఒకమారు తలచుకోవాలి. చాలా ఇండ్లలో ఫోను ఒకటే ఉంటుంది. అది తండ్రితో పొలానికి గాని, తల్లితో పనికి గాని పోతుంది. సాయంత్రం ఇంటికి వచ్చిన తరువాత అక్కాతమ్ముళ్లు వంతులు వేసుకుంటారు. అందులో పెండ్లి ఫోటోలు, బంధువులు పంపిన వీడియోలు నిండి చోటు లేకుండ ఉంటుంది. కొత్త యాపు దించాలంటే ఏదో ఒకటి చెరపాలి. ఏది చెరపాలన్నది ఆ ఇంట్లో చిన్న తగవు. అన్నీ సర్దుకొన్న తరువాత, ఈ ఫోను పాతది, ఈ యాపు దీనిలో పనిచేయదు అన్న మాట తెరమీద వస్తే ఆ పిల్ల ఏమి చేయాలి? మరునాడు తరగతిలో ఉపాధ్యాయుడు "యాపులో పెట్టాను, చూడలేదా?" అని అడిగితే తలవంచుకొని నిలబడుతుంది. అది ఆమె అశ్రద్ధ కాదని ఆయనకు తెలియదు.

చిరునామా ఒకటి చాలిన చోట ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. తల్లి ఫోనులో తెరచిన పుటనే పొరుగింటి కంప్యూటరులో తెరవవచ్చు. పాఠశాలలోని కంప్యూటరు గదిలో, గ్రంథాలయంలో తెరవవచ్చు. నల్లబల్లమీద సుద్దముక్కతో ఆ చిరునామా వ్రాస్తే చాలు, తరగతి మొత్తానికి అందుతుంది.

ప్రభుత్వసేవలలో కూడ ఈ తారతమ్యం కోవిడ్ కాలంలో స్పష్టంగా కనిపించినది. 2020 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వం ఆరోగ్యసేతు యాపును విడుదల చేసినది. రోగికి సమీపంలో మసలినవారిని బ్లూటూత్ ద్వారా గుర్తించడం దాని ఉద్దేశం. ఆ పని వెబ్ వలన సాధ్యం కాదు కనుక యాపు అవసరమైనది. కాని స్మార్ట్‌ఫోను లేనివారి మాట ఏమిటన్న ప్రశ్న వెంటనే వచ్చినది. ఆ మే నెలలో జియోఫోను కొరకు మరియొక రూపం తయారుచేశారు. మామూలు ఫోనులవారి కొరకు 1921 అనే నంబరుతో వేరొక ఏర్పాటు చేశారు. ఒక్కొక్క జాతి పరికరానికి ఒక్కొక్క పని. యాపు మార్గంలోని ఖర్చు ఇది.

మరుసటి ఏడు టీకాల నమోదు వచ్చినది. 2021 ఏప్రిల్ 28న 18 నుంచి 44 సంవత్సరాలవారికి నమోదు ప్రారంభమైనప్పుడు, కోవిన్ వెబ్‌సైటు ముఖ్యద్వారమైనది. ఆరోగ్యసేతు, ఉమంగ్ యాపులు ప్రక్కద్వారాలైనవి. పేరు, వయస్సు, గుర్తింపుకార్డు నంబరు నింపడానికి బ్లూటూత్ అక్కరలేదు. పని స్వభావాన్ని బట్టి సాధనం ఎన్నుకొనడానికి ఇది నిదర్శనం. అయినప్పటికి వెబ్‌సైటు కూడ అందరికి అందలేదు. ఇంటర్నెట్టు లేని పల్లెవాసులు, వలసకూలీలు ఏమి కావాలని సుప్రీంకోర్టు ఆ మే నెలాఖరున ప్రశ్నించినది. అంతకు కొద్దిరోజుల ముందే, ఆ వయస్సువారికి కూడ ప్రభుత్వ కేంద్రాలలో నేరుగా వచ్చి నమోదు చేసుకొనే వీలు కల్పించారు. వెబ్‌సైటు పెట్టగానే సమస్తం సమకూరినదని భావించేవారు ఈ రెండవ పాఠాన్ని కూడ మరవరాదు. వీధిదీపం లేని వీధులు ఇంకను ఉన్నాయి. అక్కడ కాగితం, మనిషి, నోటిమాట తప్పవు.

అందుబాటు ఒక సంగతి. అధికారం రెండవది. యాపుకు ద్వారపాలకుడు ఉంటాడు. ఆపిల్ స్టోరులో యాపు పెట్టదలచినవారు సాధారణంగా ఏటేటా 99 డాలర్లు చెల్లించాలి. యాపు లోపల జరిగే డిజిటల్ అమ్మకాలలో 30 శాతం వాటా ఆ సంస్థకు పోవడం చాలాకాలం నియమంగా ఉండినది. చిన్నసంస్థలకు 2021 నుంచి 15 శాతానికి తగ్గించారు. ఈ వాటాను, చందాదారుల వివరాలు తమకు దక్కకపోవడాన్ని వ్యతిరేకించి లండన్‌లోని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక 2011 జూన్‌లో తన పాఠకుల కొరకు వెబ్ యాపు నిర్మించుకొన్నది. ఆ ఆగస్టులో దాని పాత యాపు ఆపిల్ అంగడి నుంచి తొలగిపోయినది. పత్రికకు, పాఠకునికి నడుమ మూడవవాడు నిలబడరాదన్నది ఆ పోరాటంలోని సారాంశం.

మనదేశంలో కూడ ఇట్టివి జరిగినవి. 2020 సెప్టెంబరు 18న పేటీఎం యాపును గూగుల్ ప్లే నుంచి కొన్ని గంటలపాటు తొలగించారు. 2024 మార్చి 1న రుసుముల వివాదంలో నౌకరీ, భారత్ మ్యాట్రిమొనీ మొదలైన సంస్థల యాపులను తొలగించి, ప్రభుత్వం జోక్యం చేసుకొన్న పిదప తిరిగి చేర్చారు. ఈ వివాదాలలో న్యాయం ఎటున్నది అన్నది వేరు సంగతి. గమనించవలసినది ఒకటే. అంత పెద్ద సంస్థల గుమ్మాలను కూడ మరియొకరు ఒక్కపూటలో మూయగలిగారు. కేకవేసి ప్రభుత్వాన్ని పిలువగల శక్తి వారికున్నది. వ్యాకరణ పాఠాలు వ్రాసిన పండితుని యాపు తొలగిపోతే ఎవరు పలుకుతారు?

వెబ్ సర్వస్వతంత్రం అనడం కూడ అతిశయోక్తి. బ్రౌజరు కూడ ఒకరి చేతిలోనిదే. 2024 ఫిబ్రవరిలో, ఐరోపా సమాఖ్యలోని ఐఫోనులలో ముఖతెర మీద ఉంచుకొనే వెబ్ యాపుల సౌకర్యం తీసివేస్తామని ఆపిల్ ప్రకటించినది. అభ్యంతరాలు రాగా మార్చి 1న ఆ నిర్ణయం వెనుకకు తీసుకొన్నది. కాని అటువంటప్పుడు కూడ పుట చిరునామా చెక్కుచెదరదు. మరియొక బ్రౌజరులో, మరియొక కంప్యూటరులో అదే పుట తెరుచుకుంటుంది. ఒక తలుపు మూసుకొంటే మిగిలిన తలుపులు ఉంటాయి.

తెలుగువారికి ఈ విషయంలో స్వానుభవం ఒకటి ఉన్నది. 2000 ప్రాంతంలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చాలావరకు ఎవరి ఫాంటు వారు పెట్టుకొని నడిచేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు వరుసకట్టి కనిపించేవి. ఒక పత్రిక నుంచి వాక్యం తీసి మరియొకచోట అతికిస్తే అది చెదిరిపోయేది. వెదికితే దొరికేది కాదు. కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం తెలుగు కాదు. 1991 నాటి యూనికోడ్ తొలి సంపుటిలోనే తెలుగు లిపికి స్థానం దొరికినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చినది. క్రమంగా పత్రికలు, రచయితలు, పాఠకులు ఆ ఉమ్మడి పద్ధతికి చేరారు. నేడు హైదరాబాదులో వ్రాసిన తెలుగు వాక్యాన్ని విదేశంలోని తెలుగు విద్యార్థి ఏ ఫాంటు దించుకోకుండ చదువుతున్నాడు. ఒక మాట వ్రాసి వెదికితే దానిని కనుగొంటున్నాడు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియా ఇంతమందికి చేరడానికి ఈ ఉమ్మడి లిపి, ఆ తెరచిన ద్వారం రెండూ కారణాలు.

ఆనాడు ఎవరి ఫాంటులో వారు బందీలైనట్లే, నేడు ఎవరి యాపులో వారు బందీలౌతున్నారు. యాపు లోపల మాత్రమే ఉన్న పాఠం వెదికేవారికి సాధారణంగా దొరకదు. దానికి చిరునామా లేదు కనుక ఒకరు మరియొకరికి చూపలేరు. అంతకంటె ముఖ్యమైనది ఆయుష్షు. గూగుల్ ప్లే నియమాల ప్రకారం యాపును కొత్త ఆండ్రాయిడ్‌లకు అనుగుణంగా కాలక్రమాన మార్చుతూ ఉండాలి. మార్చకుండ వదలివేసిన యాపు కొన్నాళ్లకు కొత్త ఫోనులవారికి దొరకకుండ పోతుంది. ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తాడు. యాపు వ్రాసిపెట్టిన విద్యార్థి ఉద్యోగానికి పోతాడు. మూడు నాలుగు ఏండ్లలో ముప్పది ఏండ్ల కృషి కనుమరుగౌతుంది. వెబ్ పుట కూడ పేరు రుసుము కట్టకపోతే పోతుంది, నిజమే. కాని దానిని ఎవరైనా నకలు తీసి మరియొకచోట నిలబెట్టవచ్చు. 1996 నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ వెబ్ పుటలను భద్రపరుస్తూనే ఉన్నది. సెర్న్‌లో వెలసిన మొట్టమొదటి వెబ్‌సైటును 2013లో దాని పాత చిరునామాలోనే తిరిగి నిలిపారు. సాదాగా వ్రాసిన పుట కావడం వలన నేటి ఫోనులో కూడ దానిని చదువవచ్చు.

వెబ్‌లో వేగం తక్కువ, ఇంటర్నెట్టు లేకపోతే పనిచేయదు అన్న ఆక్షేపణలు 2012లో ఉన్నంత బలంగా నేడు లేవు. 2015లో ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అన్న పేరుతో ఒక పద్ధతి వెలసినది. వెబ్ పుటనే ఫోను ముఖతెర మీద గుర్తుగా ఉంచుకొనవచ్చు. ఒకసారి చూసిన పాఠాన్ని ఇంటర్నెట్టు లేనప్పుడు కూడ చదివేటట్లు ఏర్పాటు చేయవచ్చు. ఫ్లిప్‌కార్ట్ ఆ ఏడు తిరిగి వచ్చినది ఈ మార్గానే. 2017 ఏప్రిల్‌లో ట్విట్టర్ సంస్థ ఇదే పద్ధతిలో విడుదల చేసిన లైట్ రూపానికి ఫోనులో ఒక మెగాబైటు చోటు కూడ పట్టలేదు. ఐఫోనులో ఇంటర్నెట్టు లేనప్పుడు పనిచేసే వీలు 2018లో, ముఖతెర మీది వెబ్ యాపులకు సూచనలు పంపే వీలు 2023లో వచ్చినవి. నడిమి మార్గంగా, ఒకసారి వ్రాసి రెండు జాతుల ఫోనులకు యాపు తయారుచేసే రియాక్ట్ నేటివ్, ఫ్లటర్ వంటి సాధనాలు కూడ ఉన్నవి. అవి శ్రమ తగ్గిస్తాయి. కాని వాటితో చేసిన యాపు కూడ ఆ అంగడి గుమ్మం గుండానే పోవాలి.

అయితే వెబ్‌సైటు అన్న పేరు పెట్టినంతమాత్రాన పుణ్యం రాదు. పెద్ద పెద్ద బొమ్మలు, కదిలే అలంకారాలు నింపిన పుట పల్లెటూరి సిగ్నలుమీద తెరుచుకొనక ముందే పిల్లవాని ఓపిక, డేటా రెండూ అయిపోతాయి. అట్టి వెబ్‌సైటు కంటె ఒకసారి దించుకొని పదిమార్లు చదువుకొనే యాపే మేలు. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన దీక్షా వేదిక ఈ విషయంలో గమనింపదగినది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ సంకేతం ద్వారా పాఠానికి సంబంధించిన సామగ్రిని చేరవచ్చు. దానికి వెబ్‌సైటు ఉన్నది. యాపు కూడ ఉన్నది. యాపులో పాఠం దించుకొని ఇంటర్నెట్టు లేనిచోట చూడవచ్చు. దేశమంతటి పిల్లలకు సేవచేసే వ్యవస్థ కనుక రెండు దీపాలకు చమురు పోయగలదు. ఒక పాఠశాలకు ఆ శక్తి లేదు. ఒకే దీపం పెట్టగలిగినవారు దానిని ఎక్కడ పెట్టాలో మరింత జాగ్రత్తగా ఆలోచించాలి.

కనుక ఏదైనా తయారుచేయదలచిన విద్యార్థి, చేయించదలచిన ఉపాధ్యాయుడు ముందుగా ఒక కాగితం మీద కొన్ని ప్రశ్నలు వ్రాసుకోవాలి. ఇది ఎవరి కొరకు? వారి చేతిలో ఉన్న ఫోను ఎట్టిది? ఫోనులోని ఏ పరికరంతో దీనికి పని? ఆ పని బ్రౌజరు వలన నిజంగా కాదా? ఏడాదికొకసారి ఫలితాలు చూడడానికి, వారానికొకసారి ప్రకటన చదవడానికి ఎవరైనా యాపు దాచుకొంటారా? ఐదేండ్ల తరువాత దీనిని చూసుకొనేవారెవరు? పిల్లల పేర్లు, ఫోను నంబర్లు అడుగుతున్నామా? అడిగితే ఎందుకు? 18 ఏండ్లలోపువారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిర్దేశించినది. యాపైనా, వెబ్‌సైటైనా ఈ బాధ్యత తప్పదు. ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబులు వ్రాస్తే, పాఠశాలలకు సంబంధించిన పనులలో అధికభాగానికి ఒక తేలికైన వెబ్ పుటే చాలునని తేలుతుంది.

యాపు వ్రాయడం నేర్చినవానికే ఉద్యోగం వస్తుంది కదా, పిల్లలను వెబ్‌కు కట్టివేయడం న్యాయమా అని కొందరు అడుగవచ్చు. నేర్చుకొనడానికి హద్దు లేదు. కోట్లిన్, స్విఫ్ట్ రెండూ నేర్చుకొనవలసినవే. కాని మొదలుపెట్టేవానికి వెబ్‌లో ఉన్న సౌలభ్యం మరియొకచోట లేదు. ఒక పాత కంప్యూటరు, ఒక బ్రౌజరు ఉంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ నేర్చుకొనవచ్చు. ఎదుటివారు వ్రాసిన పుట ఎట్లున్నదో బ్రౌజరులోనే విప్పి చూడవచ్చు. ఐఫోనుకు యాపు వ్రాయదలచినవానికి సాధారణంగా ఆపిల్ వారి ఖరీదైన కంప్యూటరు కావాలి. జిల్లాపరిషత్తు పాఠశాలలో చదివే బాలునికి ఏది దగ్గర? పునాది ఒకసారి పడిన తరువాత పైఅంతస్తు ఏదైనా కట్టుకొనవచ్చు.

పూర్వం ఇంట్లో దీపానికి నూనె లేని విద్యార్థులు వీధిదీపాల క్రింద కూర్చొని చదువుకొన్నారు. ఆ దీపం వారిని ఎవరి బిడ్డవని అడగలేదు. నేడు పాఠం వ్రాసే ఉపాధ్యాయుని చేతిలో, ప్రోగ్రాము వ్రాసే విద్యార్థి చేతిలో అట్టి దీపం ఒకటి ఉన్నది. దానిని ముందు వీధిలో పెట్టాలి. ఇంటింటికి దీపం పెట్టే స్తోమత వచ్చిననాడు అదీ పెట్టవచ్చు. అంతవరకు ఫోనులో చోటు లేని పిల్ల చీకటిలో కూర్చోవలసిన పని లేదు.